కత్తెర పడిన తర్వాతి ధర

మిషన్ సూది విరిగింది కాబట్టి వనజాక్షి బజారుకు వచ్చింది. రాకపోయి ఉంటే ఆ కాగితం ఆమె కంట పడేదీ కాదు, రాయదుర్గం బజారు నాలుగు రోజులపాటు ఆమెను చూసి నవ్వుకునేదీ కాదు.

బస్టాండు పక్క సందులో సోమప్ప ట్రావెల్స్. కాశీ యాత్ర బస్సులు, బెంగుళూరు టికెట్లు, ఈమధ్య ఓడ టికెట్లు కూడా అమ్ముతాడు. ఆ కొట్టు అద్దం తలుపుకు కొత్త పోస్టరు అంటించి ఉంది. నీలం సముద్రం, తెల్ల ఓడ, పైన పసుపు అక్షరాలు. ముంబయి నుంచి గోవాకు, మళ్ళీ ముంబయికి. రెండు రాత్రులు, భోజనాలతో సహా, తలకు రూ. 4,900 మాత్రమే.

ఆ 'మాత్రమే' దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయాయి. సరిగ్గా పద్నాలుగు రోజుల కిందట, ఇదే కొట్లో, ఇదే సోమప్ప చేతిలో, ఇదే ఓడకు, తలకు ఆరు వేల ఎనిమిది వందల లెక్కన చివరి కిస్తు కూడా కట్టేసి రసీదు తీసుకుపోయింది ఆమె. ఒక్క మనిషికి కాదు, నలుగురికి.

తలుపు తోసుకుని లోపలికి పోయింది.

"సోమప్పా, ఇదేంది?"

"ఏదక్కా?"

"నీ తలుపుకు ఉండేది. నీ తలుపు నువ్వు చూసుకోవా?"

"ఓ, అదా! ఆఫరు. నిన్న బెంగుళూరు నుంచి వచ్చినాది."

"యా ఓడకు?"

"మీరు పోయే ఓడకే."

"యా తారీకుకు?"

సోమప్ప టేబుల్ మీద గమ్ము సీసాకు మూత పెట్టాడు. మళ్ళీ తీశాడు. "మీరు పోయే తారీకుకేలే అక్కా. ఇంకా చానా గదులు మిగిలిపోయినాయంట."

"మరి మాది?"

"మీది అయిపోయింది కదా. మీది ఫుల్ పేమెంటు."

"అంటే? గడువుకు ముందే కట్టినోళ్ళకు వాత, కాళ్ళు చాపుకొని కూర్చున్నోళ్ళకు పాయసమా?"

"నేను పెట్టిన రూలు గాదు అక్కా. చివరి కిస్తు కట్టకముందు రేటు తగ్గుంటే, ఒక ఫోన్ కొట్టి తగ్గించేవాణ్ణి. కట్టినాక కంప్యూటరు మూసేస్తారు."

"మూసినోళ్ళకు తెరిచేది రాదా?"

సోమప్ప ఓపికగానే చెప్పాడు. ఆ ఓపికే ఆమెకు మరింత మంట పెట్టింది. కావాలంటే టికెట్లు రద్దు చేసి, కొత్త ధరకు మళ్ళీ కొనుక్కోవచ్చునట. రద్దు చేస్తే సగం సొమ్ము కోత. అంటే పందొమ్మిది వందలు మిగుల్చుకోవడానికి మూడు వేల నాలుగు వందలు పారబోయాలి. ఈ లెక్క చెప్పేటప్పుడు కాల్‌క్యులేటరు ఆమె వైపు తిప్పి మరీ చూపించాడు.

ఇంకో సంగతి ఉంది. పోస్టరులో అడుగున చిన్న అక్షరాల్లో కిటికీ గది ధర కూడా వేశారు, ఐదు వేల తొమ్మిది వందలని. బొమ్మలో గుండ్రటి కిటికీ, అవతల సముద్రం. ఈ నలుగురూ తీసుకున్నది లోపలి గది. బుక్ చేసే రోజున "లోపలి గదా, బయటి గదా?" అని సోమప్ప అడిగితే నలుగురూ ఒక్క గొంతుతో లోపలిదే అన్నారు. ఈ పీఠభూమి మీద పుట్టిన మనిషి ఎవరైనా అదే అంటారు. బయటి గది అంటే పడమటి గాలికి దుమ్ము కొట్టుకునే గది, ఎండ తగిలే గది, వచ్చిపోయేవాళ్ళు చెప్పులిడిచే గది. నీళ్ళకుండ పెట్టుకునేది, గింజలు దాచుకునేది, బాలింతను పడుకోబెట్టేది లోపలి గదిలో. పైగా అది చవక అంటే, పట్నమోళ్ళకు తెలివి లేదని దారంతా నవ్వుకుంటూ పోయారు. లోపలి గది అంటే కిటికీ లేని గది అని ఇవాళ ఈ పోస్టరు చూస్తే గాని తెలియలేదు. ఇప్పుడు కిటికీ గది కూడా వాళ్ళు కట్టినదానికన్నా తొమ్మిది వందలు తక్కువ.

సూదులు కొనడం మరిచిపోయి యూనిట్‌కు తిరిగిపోయింది వనజాక్షి.

విష్ణువర్ధన్ జీన్సు యూనిట్ అది. గుమ్మఘట్ట వైపు వంద ఎకరాల వేరుశనగ భూమి ఉన్న ఇంటివాడు. బోర్లు ఒకటి వెంట ఒకటి ఎండిపోయాక మిషన్లు పెట్టాడు. ఇప్పుడు రెండు వందల మిషన్లు, ఇరవై లైన్లు. ప్యాంటుకు ఇంత అని కూలి. కుట్టిన సరుకు బళ్ళారికి పోతుంది. ఓబమ్మ, కదిరమ్మ, గౌతమి, వనజాక్షి ఒకే లైను. రెండేళ్ళ కిందట ఓబమ్మ మిషన్ ఆపి, "పదిహేనేండ్ల నుంచి ఊరోళ్ళకు ప్యాంట్లు కుట్టి పంపుతాండాం. ఆ ప్యాంట్లు చూసిన ఊర్లన్నా మనం చూడలేదు. ఓడెక్కుదాం పదండే" అంది. టీవీలో చూసిందట. నెలకు మూడు వందల చొప్పున చీటీ వేశారు. టికెట్టుకు ఆరు వేల ఎనిమిది వందలు, మిగిలిన నాలుగు వందలు రైలుకు. ఓబమ్మ ఒక పండక్కి చీర మానుకుంది. కదిరమ్మ పన్నునొప్పిని ఏడు నెలలు లవంగాలతో గడిపింది.

సంగతి విన్న ఓబమ్మ మొహం చూసి వనజాక్షి అక్కడికక్కడే మాటిచ్చేసింది.

"నేను ఊరుకుంటానా? మన దుడ్లు మనకు రాబట్టకపోతే నన్ను అడుగు."

పక్కరోజు నలుగురూ ఎస్టీడీ బూతుకు పోయారు. ఇంటర్ దాకా చదివిన గౌతమికి కన్నడం బాగా వచ్చు, ఇంగ్లీషు ముక్కలు నాలుగు వచ్చు. ఆమె బెంగుళూరు ఆఫీసుకు ఫోన్ కలిపింది. ముందు ఒక మిషన్ గొంతు ఒకటి నొక్కమంది. తరువాత మూడు నొక్కమంది. తరువాత సన్నాయి పాట వేసింది. పెట్టె మీద ఎర్ర అంకెలు పరుగెత్తుతున్నాయి. పన్నెండు, పదహారు, ఇరవై రెండు.

"పాటకు కూడా దుడ్లేనా?" అంది కదిరమ్మ.

"ఊరుకో అత్తా, ఎవురో వచ్చినారు." గౌతమి కన్నడంలో ఏదో చెప్పి, విని, బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "చివరి పేమెంటు అయినాక తగ్గించేది వాళ్ళ పాలసీలో లేదంట."

"పాలసీ అంటే మనం చచ్చినాక వచ్చేది గదా?"

"ఆ పాలసీ కాదత్తా!"

వనజాక్షి రిసీవరు లాక్కుంది. "ఏమ్మా, నీ పేరేంది? నువ్వు అంగట్లో కిలో బెల్లం కొంటావు. ఇంటికి పోకముందే వాడు ధర తగ్గించినాడు. నువ్వు పోయి అడగవా? అడగవా అంటాండా!"

అవతల పిల్ల చాలా మర్యాదగా, "ఆగల్ల మేడమ్" అంది. కుదరదని చెప్పడానికి కన్నడంలో అంతకన్నా చిన్న మాట లేదు. పది రకాలుగా అడిగితే పదిసార్లూ ఆ పిల్ల ఆ మాటే అంది, పదోసారి కూడా అంతే మర్యాదగా. బూతువాడికి నలభై ఆరు రూపాయలు కట్టి బయటికి వచ్చారు.

మూడో రోజు వనజాక్షి సోమప్ప కొట్టు ముందే నిలబడింది. లోపలికి పోయే ప్రతివాడినీ ఆపి, "టికెట్టు తీసుకుంటావా అప్పా? ఆగు, రేపు తగ్గుతాది. తీసుకున్న మర్నాడే తగ్గిస్తాడు ఈయప్ప" అని చెప్పింది. కాశీకి పోయే ముసలి జంట వెనక్కి తిరిగింది. తిరుపతి బస్సుకు వచ్చినవాడు కూడా తిరిగిపోయాడు. దాంతో సోమప్ప ఓపిక తెగింది. కొట్టులోంచి బయటికి వచ్చి, బజారంతా వినేటట్టు అరిచాడు.

"ఏమక్కా, పోయినేడు సమ్మెలో నువ్వేం చెప్పినావు? కత్తెర పడినాక రేటు మారదు అంటివే! తొమ్మిది దినాలు అరిచినావు గదా, నా కొట్లోకి కూడా వినపడింది. నీకూ కత్తెర పడిపోయింది. పో!"

టీ బంకు దగ్గర నిలబడ్డవాళ్ళు ఘొల్లున నవ్వారు. రిక్షా వాడు కూడా నవ్వాడు. ఎప్పుడూ నోటికి మాట వెతుక్కునే అవసరం లేని వనజాక్షి "నోర్మూసుకో" అని మాత్రం అని వచ్చేసింది.

సోమప్ప అన్నది అబద్ధం కాదు. కిందటి ఏడాది ఆరు వేల ప్యాంట్లు కుట్టించుకుని, కూలి ఇచ్చే శనివారం నాడు విష్ణువర్ధన్ చేతులెత్తేశాడు. బళ్ళారిలో ధర పడిపోయింది, ప్యాంటుకు ఎనిమిది ఇవ్వలేను, ఆరే ఇస్తానన్నాడు. గుడ్డ కట్టల మీది లాటు చీటీలూ గోడరాతలూ చూసి చదువు నేర్చుకున్న మనిషి వనజాక్షి. ఆ యూనిట్లో ఏ సంఘానికీ ఆఫీసు లేదు, జెండా లేదు. కటింగ్ టేబుల్ ఎక్కి నిలబడి ఒక్క మాట చెప్పింది. గుడ్డ మీద కత్తెర పడిన గంటకు ఏ రేటు ఉంటే అదే రేటు. తర్వాత పెరిగితే మేం అడగం, తగ్గితే నువ్వు కొయ్యొద్దు. తొమ్మిది రోజులు మిషన్లు తిరగలేదు. తొమ్మిదో రోజు సాయంత్రం ఓనరు ఒప్పుకున్నాడు. ఆనాటి నుంచి ప్రతి లాటుకూ కత్తిరించే రోజున టేబుల్ అంచు మీద సుద్దముక్కతో రేటు, తారీకు రాస్తున్నారు. ఈ సోమవారం కత్తెర పడిన లాటుకు కూడా ఎనిమిది అని రాసి ఉంది. బళ్ళారిలో మళ్ళీ ధర పడుతోందని లైన్లలో గుసగుసలు మాత్రం మొదలయ్యాయి.

సోమప్ప అరిచిన రోజే మధ్యాహ్నం, ఎన్నడూ లైన్లలోకి రాని విష్ణువర్ధన్ వచ్చి ఆమె మిషన్ పక్కన నిలబడ్డాడు.

"ఏం వనజాక్షమ్మా, ఓడ సంగతి విన్నాలే. అన్యాయమమ్మా అది."

"ఊ."

"సోమప్ప అద్దెకుండేది నా రూములోనే గదా. వాని చేతిలో ఏం లేదు పాపం. బెంగుళూరాయన నాకు బాగా తెలుసు. మన సరుకు ఆయన లారీల్లోనే పోతాది. నేనొక మాట చెప్తే మీ తేడా మీకొస్తాది."

ఆమె మిషన్ ఆపింది. "నీకేమొస్తాదన్నా దాంట్లో?"

"ఏమొస్తాదమ్మా? నా దగ్గర పని చేసేవాళ్ళు మోసపోతే నాకు నామర్దా గాదా?"

ఆ మాట విని ఆమెకు అనుమానం రావలసింది. వచ్చింది కూడా. అయితే పొద్దున బజారు నవ్విన నవ్వు చెవుల్లో ఇంకా ఉంది. ఎదురు మిషన్ మీద ఓబమ్మ కుట్టు ఆపి చూస్తోంది. "సరే, మాట్లాడన్నా" అంది వనజాక్షి. అనుమానం వచ్చినా మూత పెట్టేసుకున్నందుకు తర్వాత ఎంతసేపు తిట్టుకుందో లెక్కలేదు.

గురువారం మధ్యాహ్నం అన్నం గంటలో నలుగురినీ సోమప్ప కొట్టుకు రమ్మన్నారు. విష్ణువర్ధన్ కుర్చీలో ఉన్నాడు. పక్కన యూనిట్ గుమస్తా వెంకటేశులు. టేబుల్ మీద నాలుగు కట్టలు, ఒక్కొక్కటి పందొమ్మిది వందలు. సోమప్ప మొహం వేలాడేసుకుని మూలన నిలబడ్డాడు.

"చూసినారా, ఒక్క ఫోన్!" అన్నాడు విష్ణువర్ధన్. "ఈ కాగితం మీద సంతకాలు పెట్టి తీసుకోండమ్మా."

ఓబమ్మ చెయ్యి అప్పుడే కట్ట మీదకు పోయింది. వనజాక్షి కాగితం అందుకుంది. చదవడం ఆమెకు నెమ్మది. వేలు పెట్టుకుని ఒక్కో మాటా చదువుతుంది. నెమ్మదిగా చదివే మనిషి ఏ మాటనూ దాటెయ్యదు. 'ఓడ ప్రయాణానికి పూర్తి సొమ్ము చెల్లించిన తరువాత ధర తగ్గినందున, తగ్గిన ధరే న్యాయమైన ధర అని ఒప్పుకుని, తేడా సొమ్ము వెనక్కి తీసుకున్నాము.'

"ఇదంతా ఎందుకు? ముట్టింది అంటే చాలదా?"

"బెంగుళూరోళ్ళు అడిగినారమ్మా. పద్ధతి."

వెంకటేశులు ఉత్సాహంగా లేచాడు. "సంతకాలు పెడితే నేను పోయి జిరాక్స్ తీసుకొస్తా. ఇరవై కాపీలు గదా అన్నా?"

"ఇరవయ్యా?" వనజాక్షి తల ఎత్తింది. "బెంగుళూరుకు ఇరవై కాపీలెందుకప్పా?"

విష్ణువర్ధన్ వెంకటేశులు వైపు చూసిన చూపుకు వాడు మళ్ళీ కూర్చున్నాడు. యూనిట్లో లైన్లు ఇరవై. లైనుకొక కాగితం అంటిస్తారు. శనివారం కూలి ఇచ్చే ముందు అంటిస్తారు. కింద మొదటి సంతకం వనజాక్షిది.

"ఈ లాటుకు ప్యాంటుకు ఆరే ఇస్తావు, అంతేనా అన్నా?"

విష్ణువర్ధన్ దాచుకోలేదు. కాలు మీద కాలు వేసుకున్నాడు. "బళ్ళారిలో ధర లేదమ్మా. నా నెత్తి మీద అప్పుండాది. నువ్వే చెప్పు. ఫుల్లుగా కట్టినాక నీకు తగ్గిస్తే న్యాయం, నాకు తగ్గితే మోసమా? నీ నోటితో చెప్పు, వింటా."

వనజాక్షికి ఒళ్ళు మండింది. వాడు అబద్ధమాడి ఉంటే నాలుగు తిట్టి లేచిపోయేది. నాలుగు రోజులుగా ఆమె నడిబజారులో గొంతు చించుకుని అడుగుతున్నది అచ్చంగా వాడు అడుగుతున్నదే. ఆ సంగతి ఊరందరికీ తట్టింది, ఆఖరికి సోమప్పకు కూడా తట్టింది. తనకు మాత్రం తట్టలేదు.

జవాబులు లేక కాదు. ఓడ సోకు, కూలి తిండి. ఓడ కంపెనీ నష్టం వాళ్ళ లాభంలో కోత, మా నష్టం మా సంగటిలో కోత. ఇలాంటివి పది చెప్పగలదు. కానీ శనివారం నాడు, రెండు వందల మిషన్ల చప్పుడులో, ఈ పదీ ఎవరికి వివరిస్తుంది? నాలుగు ముక్కల్లో ఉంది కాబట్టే ఆ రూలు నిలబడింది. దానికి ఒక 'కానీ' తగిలిస్తే చాలు, ఓనరు ఆ సందులోంచి లారీతో సహా లోపలికి వస్తాడు.

కాగితం టేబుల్ మీద పెట్టింది. "నాకొద్దు."

"ఏమే?" అంది ఓబమ్మ.

"నాకీ దుడ్లు వద్దు. కట్టినకాడికి కట్టినాం. మనకు రేటు అదే."

"నీకు పిచ్చి పట్టిందా? రాబట్టకపోతే నన్ను అడుగు అంటివి. వచ్చినాక వద్దంటాండావు!"

"ఓబక్కా, ఇది తీసుకుంటే శనివారం అందరికీ ఆరే."

"నీ రూలు కోసం నా దుడ్లు యాల పోవాల? నేను రూలు అడిగినానా? నేను ఓడ అడిగినా!" ఓబమ్మ గొంతు కొట్టు దాటి బయటికి పోయింది. "ముందర తెలీదా నీకు? నాలుగు దినాలు మమ్మల్ని ఎగదోసి, బూతు కాడికి తిప్పి, బజార్లో నవ్వులపాలు జేసి, ఇప్పుడు తెలిసిందా?"

"ఇప్పుడే తెలిసింది. నా బుద్ధి గడ్డి తినింది."

గౌతమి మెల్లగా, "సంతకం లేకుండా ఇయ్యి అన్నా" అంది.

"సంతకం లేకుండా యాడైనా దుడ్లు ఇస్తారామ్మా?" విష్ణువర్ధన్ నవ్వుతూనే మూత తీసిన పెన్ను ఓబమ్మ ముందు పెట్టాడు. "పెద్దదానివి, నువ్వు పెట్టమ్మా ముందు. ఆయమ్మ మాటకేమి."

వనజాక్షి అడ్డం పోలేదు. పోవాలని చేతులు కొట్టుకున్నాయి. పండక్కి చీర కూడా మానుకుని రెండేళ్ళపాటు దాచిన సొమ్మది, తనది కాదు. "నీ దుడ్లు నీవి ఓబక్కా. నేనైతే పెట్టను. నువ్వు పెడితే నిన్ను అనేది లేదు" అంది. ఆ మాట చెప్పడం టేబుల్ ఎక్కి అరిచినంత తేలిక కాలేదు.

ఓబమ్మ పెన్ను తీసుకుంది. కాగితం మీదకు వంగింది. అక్కడే ఆగింది. ఎడమ చేతి వేళ్ళ కణుపుల మీద బొటనవేలు నడవసాగింది. అది ఆమె అలవాటు. ఎవరి లెక్కా నమ్మదు. పెదాలు కదులుతున్నాయి. దినానికి ఇరవై ప్యాంట్లు, ప్యాంటుకు రెండు, దినానికి నలభై. పది దినాలకు నాలుగు నూర్లు. కణుపులు అయిపోయాయి. చెయ్యి మార్చింది. కదిరమ్మ ఆ వేళ్ళనే చూస్తోంది. సోమప్ప కూడా చూస్తున్నాడు.

"నలభై ఎనిమిది దినాలు" అంది ఓబమ్మ.

"ఏంది?" అన్నాడు విష్ణువర్ధన్.

"నలభై ఎనిమిది దినాలకు ఈ పందొమ్మిది నూర్లు నా చేతిలోంచి నువ్వే లాక్కుంటావు. నలభై తొమ్మిదో దినం నుంచి నా సొంతవి లాక్కుంటావు. చచ్చేదాకా." పెన్ను టేబుల్ మీద విసిరేసింది. అది దొర్లుకుంటూ పోయి సోమప్ప కాళ్ళ దగ్గర పడింది. వనజాక్షి వైపు తిరిగి వేలు చూపించింది. "నీ కోసం గాదు. నీ రూలుకు అగ్గి పెట్ట. నాతో మాట్లాడొద్దు నువ్వు."

అని బయటికి పోయింది. కదిరమ్మ వెనకే పోయింది. గౌతమి కట్టల వైపు ఒకసారి చూసి, చున్నీ సర్దుకుని తానూ పోయింది.

వనజాక్షి సోమప్పతో, "రేటు మారదు. నువ్వు చెప్పిందే నిజం. ఇంగ నీ కొట్టు ముందర నిలబడను. బజారంతా చెప్పుకో, పో" అంది. సోమప్పకు సంతోషించాలో ఏం చెయ్యాలో తెలియలేదు. "టీ తాగిపో అక్కా" అన్నాడు. ఆమె తాగలేదు.

సోమప్ప నిజంగానే చెప్పుకున్నాడు. ఎదురుగా పెట్టిన ఏడు వేల ఆరు వందలు నలుగురు ఆడవాళ్ళు వదిలేసిపోయారని టీ బంకు దగ్గర, బస్టాండులో, వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. నవ్వినవాళ్ళలో సగంమంది మళ్ళీ నవ్వారు. కొందరు నవ్వలేదు.

శనివారం సాయంత్రం వెంకటేశులు కూలి పుస్తకం పట్టుకుని వచ్చాడు. వాడి గొంతులో జీవం లేదు. "బళ్ళారి మార్కెట్టు పడిపోయింది కాబట్టి, ఈ లాటుకు ఆరు..."

వనజాక్షి ఈసారి టేబుల్ ఎక్కలేదు. కూర్చున్న చోటే మిషన్ ఆపింది. పక్క లైను ఆగింది, అవతలి లైను ఆగింది. ఆఖరి మిషన్ ఆగాక యూనిట్లో ఫ్యాన్ల చప్పుడు మాత్రమే మిగిలింది.

"వెంకటేశులూ, ఓడోళ్ళ కాడ మేం రేటు తగ్గించుకున్నామా?"

"లేదు."

"ఎందుకు లేదు?"

"ఏమో. మొదట మీరు అడిగినారు గదా."

ఎవరో కిసుక్కుమన్నారు. వనజాక్షి మొహం ఎర్రబడింది. "అడిగినాం. బుద్ధి లేక అడిగినాం. సిగ్గొచ్చి విడిచిపెట్టినాం. మనిషికి పందొమ్మిది నూర్లు, నీ కండ్ల ముందర విడిచిపెట్టినాం. మాకు పోయింది, అయినా మేం ఆ మాట మీదే ఉండాం. ఇప్పుడు మీ అన్నకు పోతాది. ఉండమను."

అద్దాల గదిలో విష్ణువర్ధన్ ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటికీ అవతల ఎవరూ మాట్లాడుతున్నట్టు లేదు. ఇరవై లైన్లలో ఒక్క చెయ్యి కూడా చక్రం మీదకు పోలేదు. చివరికి ఫోన్ దించి, వెంకటేశులు వైపు ఎనిమిది వేళ్ళు చూపించి, వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రావలసిన కూలి వచ్చినందుకు చప్పట్లు దేనికి?

వరుసలో ఓబమ్మ ముందు, వనజాక్షి వెనక. ఓబమ్మ నోట్లు రెండుసార్లు ఎంచుకుంది. రవికలో దోపుకుంది. గురువారం నుంచి ఒక్క మాటా మాట్లాడని మనిషి, వెనక్కి తిరగకుండానే అంది.

"ఓడలో నీ పక్క మంచం మీద పండుకోను నేను."

"ఉండేది ఒకటే గది. నాలుగే మంచాలు. యాడ పండుకుంటావు?"

"నీకెందుకు? యాడన్నా పండుకుంటా."

"సరే, పండుకో."

"పండుకుంటా" అని ఓబమ్మ బస్సుకు పోయింది.